అడవిలో నడిచేవారికి తుపాకి తోడవుతుందా?

మారేడుమిల్లి దాటి వెదురు పొదల మధ్య కాలిబాట పట్టి నడుస్తున్నారనుకోండి. వీపున సంచి, అందులో అటుకుల పొట్లం, నీళ్ల సీసా. ముందు దారి చూపే మనిషి, వెనుక మీ తరగతి పిల్లలు. ఉన్నట్టుండి కుడివైపు పొదలో ఏదో కదిలింది. ఎండుటాకులు గలగలలాడాయి. దారి చూపే మనిషి చెయ్యి ఎత్తి అందరినీ ఆగమన్నాడు. అప్పుడు మీ పక్కనున్న కుర్రవాడు గుసగుసగా అంటాడు: "ఇలాంటప్పుడు చేతిలో ఒక తుపాకి ఉంటేనా!"

అడవికి వెళ్లే ప్రతివారికీ ఏదో ఒక క్షణంలో ఇదే ఆలోచన వస్తుంది. తుపాకి చేతిలో ఉన్నవాడికి భయం లేదని కథలలో చదివాం, సినిమాలలో చూశాం. అది నిజమేనా? ఇది ధైర్యానికి సంబంధించిన ప్రశ్న అనిపిస్తుంది గాని, నిజానికి ఇందులో జంతుశాస్త్రం ఉంది, భౌతికశాస్త్రం ఉంది, కాస్త లెక్కలూ ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

చట్టం ఏమంటుంది?

రాజమహేంద్రవరానికి ఎగువన గోదావరి తూర్పు కనుమలను చీల్చుకుని వచ్చే చోట ఉన్నవే పాపికొండలు. ఈ అడవులను 1978లో అభయారణ్యంగానూ, 2008లో జాతీయ పార్కుగానూ ప్రకటించారు. వైశాల్యం 1,000 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, కణుజు, చుక్కల దుప్పి, రేచుకుక్కలు ఇక్కడి నివాసులు.

మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని 31వ సెక్షను ప్రకారం అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఎవరూ ఆయుధంతో అభయారణ్యంలో అడుగు పెట్టకూడదు. జాతీయ పార్కులకూ ఇదే నియమం. అంతేకాదు, అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల నివసించేవారు లైసెన్సు ఉన్న తుపాకిని ఇంట్లో ఉంచుకున్నా, తమ పేరు అటవీ అధికారుల వద్ద నమోదు చేయించుకోవాలి.

"మరి జంతువు మీదపడితే చచ్చిపోవలసిందేనా?" అని మీరు అడగవచ్చు. కాదు. తన ప్రాణాన్నో, మరొకరి ప్రాణాన్నో కాపాడుకోవడానికి సదుద్దేశంతో వన్యమృగాన్ని చంపినా, గాయపరచినా అది నేరం కాదని అదే చట్టంలోని 11వ సెక్షను చెబుతుంది. కాని దానికొక మెలిక ఉంది. ఆ సమయానికి అతడు ఆ చట్టాన్ని ఉల్లంఘించే పని ఏదీ చేస్తూ ఉండకూడదు. అంటే, అనుమతి లేకుండా తుపాకి పట్టుకుని అడవిలోకి వెళ్లినవాడు తనకు రక్షణగా ఉన్న ఆ సెక్షనును తానే పోగొట్టుకుంటాడన్నమాట!

అయితే, "చట్టం వద్దంది కాబట్టి వద్దు" అని సరిపెట్టుకుంటే అది శాస్త్రం కాదు. తుపాకి నిజంగా పనికి వస్తుందో రాదో కూడా తెలుసుకోవాలి.

ఎలుగు ఎందుకు మీదికి వస్తుంది?

అడవిలో నడిచేవారు జాగ్రత్తగా ఉండవలసిన జంతువు ఏది అంటే అందరూ పులి పేరు చెబుతారు. మనిషి అలికిడి వింటే పులి సాధారణంగా తప్పుకుపోతుంది. చెట్ల చాటు నుంచి మనలను అది చూస్తుంది గాని, దానిని మనం చూడం. అంతకంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఎలుగుబంటి.

మన ఎలుగు ఒక వింత జంతువు. 1791లో జార్జి షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించినప్పుడు, పొడవైన గోళ్లను, పై దవడలో ముందు పళ్లు రెండు లేకపోవడాన్ని చూసి, దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే 'స్లాత్' అనే బద్ధకపు జంతువుకు చుట్టమని పొరబడ్డాడు. అందుకే ఇంగ్లీషులో దీనికి ఈనాటికీ 'స్లాత్ బేర్' అనే పేరు మిగిలిపోయింది. ఆ పళ్లు లేకపోవడం లోపం కాదు, సౌకర్యం. పొడవైన గోళ్లతో చెదల పుట్టను తవ్వి, ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదవులను గొట్టంలా చాచి, పళ్ల సందులోంచి చెదలను పీల్చుకుంటుంది. ఆ పీల్పు చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. తల పుట్టలో దూర్చి పీలుస్తున్న ఎలుగుకు మన అడుగుల చప్పుడు చెవికెక్కదు. దాని చూపు కూడా అంతంత మాత్రమే. తీరా తల ఎత్తేసరికి మనిషి పది పన్నెండు గజాల దూరంలో నిలబడి ఉంటాడు. అప్పుడు దానికి ఏమని తోస్తుంది?

ఎలుగులు తరతరాలుగా పులులున్న అడవులలోనే బతుకుతూ వచ్చాయి. పులి అప్పుడప్పుడు ఎలుగును కూడా వేటాడుతుంది. దుప్పిలాగా పరుగెత్తి తప్పించుకోవడం ఎలుగుకు సాధ్యం కాదు. చెట్టెక్కినా చిరుత వెంటబడగలదు. అందువల్ల పారిపోవడం కన్నా ఎదురుతిరిగి గర్జిస్తూ మీద పడటమే దానికి అలవాటైందని జంతుశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. తల్లి వీపు మీద పిల్లలు ఎక్కి ఉంటే ఆ తెగింపు మరీ ఎక్కువ.

కాబట్టి ఎలుగు మనలను తినడానికి రాదు. భయపడి వస్తుంది. ఈ మాటను గుర్తుపెట్టుకోండి. మన ప్రశ్నకు జవాబు దీనిలోనే ఉంది.

చైత్ర మాసంలో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. వాటిని ఏరుకోవడానికి కొండరెడ్లు, కోయలు అడవికి వెళతారు. ఎలుగుకు కూడా ఇప్పపూలంటే ప్రాణం. ఒకే చెట్టు కింద, ఒకే వేళకు, మసక వెలుతురులో ఇద్దరూ చేరితే ప్రమాదం జరగడంలో వింత లేదు.

రెండు సెకన్ల లెక్క

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఎలుగు నడక చూసి మందకొడి అనుకోకండి. అది మనిషి కన్నా వేగంగా పరుగెత్తగలదు. సెకనుకు 10 మీటర్ల వేగం అనుకుందాం. అంటే గంటకు 36 కిలోమీటర్లు. దట్టమైన పొదలలో అది మన కంట పడేసరికి 20 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. మనకు దొరికే వ్యవధి ఎంత? 20ని 10తో భాగించండి. రెండే రెండు సెకన్లు!

ఆ రెండు సెకన్లలో ఏమేమి జరగాలి? ముందు కన్ను చూడాలి. మెదడు ఇది ఎలుగు అని గుర్తించాలి. చేతికి ఆజ్ఞ అందాలి. భుజాన ఉన్న తుపాకిని దించాలి. తూటా పేలకుండా ఉంచే మీటను తప్పించాలి. గురి చూడాలి. అప్పుడు గాని మీట నొక్కడం కుదరదు.

దీనిలో మొదటి మెట్టు ఎంత కాలం తీసుకుంటుందో మీరే కొలవవచ్చు. 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి తీసుకోండి. మీ స్నేహితుడిని దాని పై కొస పట్టుకుని నిలువుగా వేలాడదీయమనండి. సున్న అంకె దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తాకీ తాకకుండా ఉంచండి. అతడు చెప్పకుండా స్కేలు వదిలివేయాలి, మీరు పట్టుకోవాలి. 10 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన కాలం 0.14 సెకను. 20 దగ్గరయితే 0.20, 30 దగ్గరయితే 0.25. భూమ్యాకర్షణ వల్ల వస్తువు పడే దూరాన్ని గురించి మీరు చదువుకున్న సూత్రంతోనే ఈ లెక్క వస్తుంది. ఇంత తక్కువ కాలమా అని మురిసిపోకండి. స్కేలు పడుతుందని మీకు ముందే తెలుసు. అడవిలో ఎలుగు వస్తుందని ఎవరూ ముందుగా చెప్పరు!

రెండో ప్రయోగం ఆటస్థలంలో చేయండి. మీ వీపు సంచి పట్టీలో ఒక మడిచిన గొడుగు దోపుకుని మామూలుగా నడుస్తూ ఉండండి. 20 మీటర్ల దూరంలో, చెట్టు చాటున, మీ తరగతిలో బాగా పరుగెత్తగలవాడు నిలబడాలి. అతడు తనకిష్టమైనప్పుడు బయటికి వచ్చి మీ వైపు పరుగెత్తి, మిమ్మల్ని తాకకుండా పక్కనుంచి దాటిపోవాలి. అతడు దాటేలోపల మీరు గొడుగు బయటికి తీసి, విప్పి, అటు చూపించగలిగారా? పదిసార్లు చేసి ఎన్నిసార్లు గెలిచారో వ్రాసుకోండి. మీ స్నేహితుడు ఎలుగు కన్నా నిదానంగా పరుగెత్తుతాడనీ, మీకు ప్రాణభయం లేదనీ మరచిపోకండి. చేతులు వణుకుతున్నప్పుడు గురి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

గురి తప్పితే ఏమవుతుంది? తూటా అక్కడితో ఆగదు. రైఫిలు తూటా కిలోమీటరుకు పైగా పోగలదు. పొద వెనుక ఎవరున్నారో, ఆ వైపు పశువులు కాసే పిల్లవాడున్నాడో మనకు తెలియదు. సగం తగిలితే మరీ ముప్పు. గాయపడిన ఎలుగు అంతకు ముందున్న ఎలుగు కన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరం.

అలాస్కా అనుభవం

ఇదంతా ఊహ అంటారా? అయితే నిజంగా జరిగిన వాటిని లెక్కవేసిన పరిశోధకులున్నారు. అమెరికాలోని అలాస్కాలో ఎలుగులు ఎక్కువ, తుపాకులూ ఎక్కువ. 1883 నుంచి 2009 వరకు అక్కడ తుపాకి దగ్గర ఉన్న మనుషులకు, ఎలుగులకు మధ్య జరిగిన 269 సంఘటనలను వారు సేకరించారు. 2012లో ప్రచురించిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరచింది. తుపాకి పేల్చినవారికి, తుపాకి ఉండీ పేల్చనివారికి గాయాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అదే పరిశోధకులు అంతకు ముందు, 2008లో, మరో సాధనం గురించి లెక్కలు చెప్పారు. అది మనకు చిరపరిచితమైనదే. గుంటూరు మిరపకాయ కొరికితే నోరు ఎందుకు మండుతుంది? అందులోని కాప్సైసిన్ అనే పదార్థం వల్ల. దానిని డబ్బాలో ఒత్తిడితో నింపి, మీట నొక్కితే మేఘంలా చిమ్మేటట్లు చేస్తారు. ఎలుగు కళ్లలో, ముక్కులో అది పడితే భరించలేక వెనుదిరుగుతుంది. తర్వాత మంట తగ్గిపోతుంది, ఎలుగుకు శాశ్వతమైన హాని లేదు. 1985 నుంచి 2006 వరకు దీనిని వాడిన 83 సంఘటనలు చూస్తే, అందులో ఉన్నవారిలో 98 శాతం మందికి ఏ గాయమూ కాలేదు. దీనికి సూదిమొనంత గురి అక్కరలేదు. మేఘం అడ్డుగా నిలిస్తే చాలు.

అయితే లెక్కలను చూసేటప్పుడు తొందరపడకూడదు. తుపాకి పేల్చి క్షేమంగా బయటపడినవారందరూ ఆ సంగతి అధికారులకు చెప్పి ఉండకపోవచ్చు. మిరప మేఘం వాడిన కొన్ని సందర్భాలలో ఎలుగు కోపంతో కాక కుతూహలంతో దగ్గరికి వచ్చి ఉండవచ్చు. పైగా ఈ లెక్కలలో మన చెదలు తినే ఎలుగు లేదు. కనుక ఒక లెక్కను మరొకదాని పక్కన పెట్టి ఇది గెలిచింది, అది ఓడింది అనడానికి వీల్లేదు. కాని ఒక్కటి మాత్రం స్పష్టం. తుపాకి చేతిలో ఉండటమూ, క్షేమంగా ఉండటమూ ఒకటి కాదు.

అమెరికాలో 2010 ఫిబ్రవరి 22 నుంచి ఆయా రాష్ట్రాల చట్టం ఒప్పుకుంటే జాతీయ పార్కులలోకి తుపాకి తీసుకువెళ్లనిస్తున్నారు. అయినా అక్కడి పార్కుల అధికారులు ఎలుగులున్న చోట్ల నడిచేవారికి ఇచ్చే సలహా మిరప డబ్బా దగ్గర ఉంచుకోమనీ, గుంపుగా చప్పుడు చేస్తూ నడవమనీ.

తుపాకి అవసరమైన చోటు

తుపాకి ఎక్కడా అక్కరలేదని కూడా అనకూడదు. ఉత్తర ధ్రువానికి చేరువలో నార్వే దేశానికి చెందిన స్వాల్‌బార్డ్ అనే దీవులున్నాయి. అక్కడ జనావాసం దాటి వెళ్లేవారు ధ్రువపు ఎలుగును బెదరగొట్టే సాధనం వెంట ఉంచుకొనితీరాలి. తుపాకి కూడా ఉంచుకోవడం మంచిదని అధికారులు చెబుతారు.

ఎందుకీ తేడా? ధ్రువపు ఎలుగు మాంసాహారి. సీలు జంతువులను వేటాడి బతుకుతుంది. ఆకలిగొన్నప్పుడు అది మనిషిని ఆహారంగా చూసి కూడా వెంటబడవచ్చు. పైగా అక్కడ చెట్టూ పొదా లేదు. తెల్లని మంచు మైదానంలో అది దూరాన ఉండగానే కనబడే అవకాశం ఉంది. అంటే ఆలోచించుకోవడానికి, ముందు వెలుగు గుండ్లు పేల్చి బెదిరించడానికి వ్యవధి దొరుకుతుంది. చంపడం చివరి మార్గం మాత్రమే. అక్కడ కూడా అది రక్షిత జంతువే.

పాపికొండలలో పరిస్థితి దీనికి తలకిందులు. ఇక్కడి ఎలుగు వేటకు రాదు, భయంతో వస్తుంది. దూరాన కనబడదు, దగ్గరగా ఎదురవుతుంది. సాధనాన్ని నిర్ణయించవలసింది మన భయం కాదు, ఆ జంతువు స్వభావమూ ఆ నేల స్వరూపమూ.

అసలు ప్రమాదాలు వేరే

పాపికొండల విహారంలో జరిగిన ఘోర ప్రమాదం ఏ జంతువు వల్లా జరగలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పడవ మునిగి నలభై మందికి పైగా చనిపోయారు. ఇక పాముకాటు సంగతి చూడండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సగటున ఏడాదికి సుమారు 58,000 మంది పాముకాటుతో మరణించారని పరిశోధకుల అంచనా. వీటికి తుపాకి ఏ విధంగానూ అడ్డుపడదు. లైఫ్ జాకెట్టు, టార్చిలైటు, చీలమండ దాటే బూట్లు అడ్డుపడతాయి.

ఒక్కోసారి మృగమే మన ఊళ్లోకి వస్తుంది. 2022 మే నెలలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పెద్దపులి తిరిగింది. పశువులను చంపింది, పెట్టిన బోనులలో పడలేదు, చివరికి తన దారిన ఉత్తరానికి వెళ్లిపోయింది. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివారు దివాన్‌చెరువు దగ్గర చిరుత కనిపించింది. తర్వాత కడియం నర్సరీల వైపు వెళ్లింది. అటవీశాఖవారు కెమెరాలు కట్టారు, అడుగుజాడలు చూశారు, బోనులు పెట్టారు, రాత్రివేళ ఒంటరిగా తిరగవద్దని ప్రజలకు చెప్పారు. ఈ రెండు సందర్భాలలోనూ మనుషుల ప్రాణాలు పోలేదు.

అన్నిసార్లూ ఇలా సుఖాంతం కాదు. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని కిడిసింగి పరిసరాలలో ఎలుగు దాడి చేసి ఒకరిని చంపింది, మరికొందరిని గాయపరచింది. అధికారులు మత్తు సూది వేసి పట్టుకున్నారు. ఆ ఎలుగు కూడా బతకలేదు. జనం గుమిగూడి కేకలు వేస్తున్నచోట బెదిరిన ఎలుగు ఎటు పరుగెత్తుతుందో ఎవరూ చెప్పలేరు. మత్తు సూది కూడా సినిమాలో లాగా తగలగానే పనిచేయదు. మందు రక్తంలో కలవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అటువంటి పని శిక్షణ పొందినవారికే వదిలివేయాలి.

గజ్జెల కర్ర రహస్యం

పూర్వం బస్సులు, రైళ్లు లేని రోజులలో ఉత్తరాలను మనుషులే పరుగున మోసుకుపోయేవారు. వారిని టపా రన్నర్లు అనేవారు. అడవుల గుండా రాత్రింబవళ్లు పోవలసిన ఆ మనిషి చేతిలో తుపాకి కాదు, ఒక ఈటె ఉండేది. దానికి గజ్జెలు కట్టి ఉండేవి. అడుగడుగునా అవి ఘల్లుఘల్లుమనేవి.

ఈటె చివరి క్షణానికి. గజ్జెలు అంతకు ముందున్న ప్రతి క్షణానికీ. "నేను వస్తున్నాను, తప్పుకో" అని అవి జంతువుకు ముందే చెప్పేవి. పుట్టలో తల దూర్చిన ఎలుగుకు ఆ చప్పుడు వంద గజాల అవతలే వినబడితే, అది లేచి తన దారిన పోతుంది. అప్పుడు రెండు సెకన్ల లెక్కతో మనకు పనే లేదు.

మీరు అడవికి వెళితే చేయవలసిందీ అదే. అనుమతి తీసుకుని, స్థానికుడైన మార్గదర్శితో వెళ్లండి. గుంపుగా మాట్లాడుకుంటూ నడవండి. తెల్లవారుజామున, మసక చీకటిలో పొదల దారులు పట్టకండి. తినుబండారాలు విచ్చలవిడిగా పారవేయకండి. జంతువు కనబడితే పరుగెత్తకండి. దాని వైపు చూస్తూనే నెమ్మదిగా వెనుకకు అడుగులు వేయండి. ఎలుగు నిలబడి చూస్తే అది దాడి కాదు, మీరెవరో వాసన పట్టి తెలుసుకునే ప్రయత్నం. అన్నీ తప్పి ఎలుగు మీదపడితే, బోర్లా పడుకుని రెండు చేతులతో మెడను కాపాడుకోండి. వీపు మీది సంచి తీయకండి, అదే మీ డాలు.

ఇంతకూ మొదట్లో పొదలో కదిలిందేమిటి? ఒక్క నిమిషం ఆగి వింటే దారి చూపే మనిషికి తెలుస్తుంది. అతడు కర్రతో నేలను రెండుసార్లు తట్టి, గట్టిగా ఒక కేక వేస్తాడు. పొదలో అలికిడి దూరమవుతుంది. అది ఎలుగో, కణుజో, అడవిపందో మీకు తెలియకపోవచ్చు. మీరెవరో మాత్రం దానికి తెలిసిపోయింది. అది చాలు.